డ్రోన్ కంటికి మనిషి ఆనవాలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: గాలింపు, సహాయక చర్యల్లో ఎగిరే డ్రోన్లన్నీ తమంతట తామే దారి తేల్చుకుంటాయి.

వాస్తవం: 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడ ముంపు ప్రాంతాలకు ఆహారం, మందులు మోసిన డ్రోన్లను నడిపింది నేల మీది ఆపరేటర్లే. ముందే గుర్తించిన చోట్ల మీదుగా తిరిగి రావడానికి ఆటోపైలట్, జీపీఎస్ సరిపోతాయి. మెషిన్ లెర్నింగ్ అవసరం ప్రధానంగా రెండు పనుల్లో: కెమెరా చిత్రంలో మనిషిని గుర్తుపట్టడం, ఆ ఫలితాన్ని బట్టి తర్వాత ఎటు వెళ్లాలో తేల్చడం.

అపోహ: థర్మల్ కెమెరాకు చెట్లు, గోడలు, శిథిలాలు అడ్డు కావు.

వాస్తవం: అది చూసేది వస్తువుల ఉపరితలం నుంచి వెలువడే పరారుణ కిరణాలనే. గోడ మాట అటుంచి, మామూలు కిటికీ అద్దం కూడా వాటిని ఆపేస్తుంది. మే నెల మధ్యాహ్నం బండలు మనిషి ఒంటి వేడికి చేరితే రెండింటికీ తేడా తెలియదు. తెల్లవారుజామున నేల చల్లబడ్డాకే మనిషి స్పష్టంగా కనిపిస్తాడు.

దట్టమైన అడవి మరింత కష్టం. ఒక్కో చిత్రంలో ఆకుల సందుల్లోంచి శరీరంలో ఏదో కొంత భాగమే దొరుకుతుంది. ఆస్ట్రియాలోని లింజ్‌లో యోహానెస్ కెప్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. డ్రోన్ కదులుతూ తీసిన అనేక థర్మల్ చిత్రాలను నేల మట్టానికి సరిపోయేలా ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ఎత్తులో ఉన్న కొమ్మలు చిత్రానికో చోట పడి అలుక్కుపోతాయి. నేల మీది మనిషి అన్నింటిలో ఒకేచోట పడి తేలతాడు. మనిషిని గుర్తుపట్టే మోడల్ వెతికేది ఈ కలిపిన చిత్రంలోనే. 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 17 క్షేత్ర ప్రయోగాల్లో 42 మందికి 38 మంది దొరికారు. ముందే గీసిన దారిలో ఎగిరినప్పుడు 34 మందిలో 30 మంది. అనుమానం తగిలిన చోటును డ్రోన్ మళ్లీ పరిశీలించినప్పుడు 8 మందీ దొరికారు. ఎనిమిది చిన్న సంఖ్యే అయినా, రెండోసారి చూడటం ఎంత విలువైనదో ఇది చెబుతోంది. లెక్కలన్నీ డ్రోన్‌లోనే జరుగుతాయి కాబట్టి సిగ్నల్ లేని అడవిలోనూ ఇది పనికొస్తుంది.

అపోహ: రేసింగ్ విజేతలను ఓడించిన డ్రోన్ శిథిలాల్లోనూ దూసుకుపోగలదు.

వాస్తవం: జూరిచ్ విశ్వవిద్యాలయం రూపొందించిన ‘స్విఫ్ట్’ డ్రోన్ మానవ చాంపియన్లతో 25 రేసుల్లో 15 గెలిచింది, ఆ వివరాలు 2023లో వెలువడ్డాయి. అయితే అది సాధన చేసింది ముందే తెలిసిన ట్రాక్ మీద. కూలిన భవనానికి అలాంటి నమూనా ఉండదు.

అపోహ: డ్రోన్ గాలించి ఎవరూ లేరంటే అక్కడ లేనట్టే.

వాస్తవం: అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. పై నుంచి మనిషి కొన్ని పిక్సెళ్ల మచ్చ మాత్రమే. కంటి ఎత్తు నుంచి తీసిన ఫొటోలతో నేర్చిన మోడల్ ఆ మచ్చను పోల్చుకోలేకపోవచ్చు. మచ్చను మనిషిగా ఒప్పుకునే హద్దును కఠినం చేస్తే మనుషులు తప్పిపోతారు, సడలిస్తే రాళ్లూ పశువులూ మనుషులైపోతాయి. ఆ హద్దు ఎక్కడ పెట్టాలో సహాయక బృందమే నిర్ణయించాలి.

అందుకే పద్ధతైన గాలింపులో ప్రాంతాన్ని గడులుగా విడదీసి, వెతుకుతున్నది ఒక్కో గడిలో ఉండే సంభావ్యతను లెక్కిస్తారు. వెతికిన గడికి అది తగ్గుతుందే గాని సున్నా కాదు. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం విషయంలో ఇది రుజువైంది. బ్లాక్ బాక్స్‌ల శబ్ద సంకేతాల కోసం గాలించి, ఏమీ వినిపించక వదిలేసిన ప్రాంతం ఒకటుంది. సంకేత పరికరాలే పనిచేయలేదేమో అన్న అవకాశాన్నీ కలిపి లెక్క మళ్లీ వేస్తే సంభావ్యత అక్కడే పెరిగింది. 2011 ఏప్రిల్‌లో స్వయంచాలిత జలాంతర వాహనాలు దాదాపు వారంలోనే అక్కడ శకలాలను గుర్తించాయి.