పాటలో బొమ్మ ఎక్కడ దాగి ఉంది?

పిల్లలూ! ఫోనులో పాట పెట్టినప్పుడు తెర మీద ఒక బొమ్మ కనిపించడం మీరు గమనించే ఉంటారు. సినిమా పోస్టరో, గాయకుని ఫోటోనో ఉంటుంది. ఇంటర్నెట్ ఆపేసి చూడండి. అప్పుడు కూడా కొన్ని పాటలకు బొమ్మ వస్తుంది. ఆ పాటను మెమరీ కార్డులో వేసి మరొకరి ఫోనులో పెట్టండి. బొమ్మ అక్కడికీ వెళుతుంది! పాట చెవికి సంబంధించినది. బొమ్మ కంటికి సంబంధించినది. రెండూ ఒకే ఫైలులో ఎలా ఇమిడాయి? ఆ బొమ్మను మనం మార్చగలమా? మారిస్తే పాటకు ఏమైనా హాని జరుగుతుందా?

ఈ మూడో ప్రశ్నకు జవాబు నేను ఒక పొరపాటు చేసి తెలుసుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అట్ట నుంచి తెర దాకా

మీ తాతయ్యల కాలంలో పాటలు గ్రామఫోన్ రికార్డుల మీద వచ్చేవి. మొదట్లో రికార్డును ఏ బొమ్మా లేని కాగితపు సంచిలో పెట్టి అమ్మేవారు. 1940 ప్రాంతంలో అమెరికాలోని కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే చిత్రకారుడు రికార్డుల అట్టల మీద రంగుల బొమ్మలు వేయడం ప్రారంభించాడు. 1948లో 12 అంగుళాల లాంగ్ ప్లే రికార్డులు వచ్చాయి. వాటి అట్ట ఇంచుమించు మీ స్కేలు పొడవంత ఉంటుంది. 1974లో ఘంటసాల గారు మరణించిన తర్వాత విడుదలైన ఆయన భగవద్గీత రికార్డు మన తెలుగువారి ఇళ్లలోకి అట్లాంటి అట్టలోనే వచ్చింది.

అట్ట అందం కోసం మాత్రమే కాదు. పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు, సంగీతం ఎవరిది అనే వివరాలు దాని మీదే ఉండేవి. క్యాసెట్టు వచ్చాక అట్ట అరచేతిలో పట్టేంత అయింది. 1982లో వచ్చిన సీడీ వ్యాసం 12 సెంటీమీటర్లు. చివరకు పాట ఎంపీ3 ఫైలుగా మారాక అసలు అట్టే లేకుండా పోయింది. అట్టతో పాటు ఆ పేర్లూ పోయే ప్రమాదం వచ్చింది.

128 బైట్ల చీటీ

1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఒక ఉపాయం చేశాడు. ఎంపీ3 ఫైలు చివర ఒక చిన్న చీటీ తగిలించాడు. దాని పేరు ఐడీ3. ‘ట్యాగ్’ అనే గుర్తుకు 3 బైట్లు, పాట పేరుకు 30, గాయకునికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, పాట రకానికి 1. కూడి చూడండి, సరిగ్గా 128 బైట్లు. ఇందులో బొమ్మకు చోటెక్కడ?

అందుకని 1998లో రెండో రకం ఐడీ3 తయారైంది. దీన్ని ఫైలు చివర కాక మొదట్లో పెడతారు. ఇది అర్థం కావాలంటే గూడ్సు బండిని గుర్తు తెచ్చుకోండి. మా కొడవలూరు మీదుగా విజయవాడ–గూడూరు రైలుమార్గం పోతుంది. ఒకదాని వెనుక ఒకటిగా వ్యాగన్లు సాగిపోతుంటాయి. ఎంపీ3 ఫైలు కూడా అంతే. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి వరుసగా పేర్చుతారు. సాధారణంగా సెకను పాటకు సుమారు 38 ముక్కలు ఉంటాయి. ఈ వ్యాగన్లన్నిటికీ ముందు ఒక అదనపు పెట్టె తగిలించారనుకోండి. అదే కొత్త ఐడీ3. అందులో పేర్లున్న కాగితాలు, వాటి పక్కనే మడవకుండా పెట్టిన బొమ్మ ఉంటాయి. ‘ఈ పెట్టె పొడవు ఇన్ని బైట్లు’ అని ముందే రాసి ఉంటుంది. పాట వినిపించే యంత్రం ఆ అంకె చదివి, అన్ని బైట్లు దాటి, నేరుగా శబ్దం దగ్గరకు పోతుంది.

బొమ్మ ఏ రకానిదో చెప్పడానికి 0 నుంచి 20 వరకు అంకెలు కేటాయించారు. 3 అంటే ముఖచిత్రం, 4 అంటే వెనుక అట్ట. 17 అంటే ఏమిటో తెలుసా? మెరిసే రంగుల చేప! నేను తమాషాకు చెప్పడం లేదు, నియమావళిలో అట్లాగే ఉంది. సముద్రతీరపు జిల్లా వాళ్లం కనుక ఈ అంకె మనం మరిచిపోం.

ఒక్క వాక్యంతో ఆజ్ఞ

ఈ ముందు పెట్టెను మార్చడానికి మౌస్‌తో నొక్కే ప్రోగ్రాములు ఉన్నాయి. కాని వాటిలో కొన్నిటితో వంద పాటలకు వందసార్లు నొక్కాల్సి వస్తుంది. కంప్యూటర్‌లో టెర్మినల్ అనే కిటికీ తెరిచి, ఆజ్ఞను అక్షరాలతో టైపు చేసే పద్ధతి మరొకటి ఉంది. దీన్నే కమాండ్ లైన్ అంటారు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాముకు ఇచ్చే ఆజ్ఞ ఇది. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వాడాలి.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ -ఐ పాట.ఎంపీ3 -ఐ బొమ్మ.జేపీజీ -మ్యాప్ 0:ఎ -మ్యాప్ 1:వి -సీ కాపీ కొత్తపాట.ఎంపీ3

విడదీసి చదువుదాం. ‘ఐ’ అంటే లోపలికి తీసుకొనేది. కంప్యూటరు లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక పాట 0, బొమ్మ 1. ‘0 నుంచి ఆడియో తీసుకో, 1 నుంచి చిత్రం తీసుకో’ అని తర్వాతి మాటలు చెబుతాయి. చివరిది కొత్త ఫైలు పేరు. బొమ్మ వద్దనుకుంటే రెండో ‘ఐ’ని, దానితో వచ్చే బొమ్మ పేరును, ‘మ్యాప్ 1’ను తీసేస్తే చాలు. ఆడియో మాత్రమే మిగులుతుంది. ఇక ‘కాపీ’ అనే మాట మిగిలింది. నేను పొరపాటు చేసింది దాని దగ్గరే.

మరిచిపోయిన మాట

మా అమ్మ పాడిన మంగళహారతులు ఒక పాత క్యాసెట్టులో ఉండేవి. అమ్మ ఇప్పుడు లేదు. ఆ క్యాసెట్టును ఎంపీ3గా మార్చి, దానికి అమ్మ ఫోటో అతికించాలనుకున్నాను. ఆజ్ఞ ఇచ్చాను, ఫోటో వచ్చింది. అది చీకటిగా ఉందని మరొకటి పెట్టాను. అంచులు సరిగా లేవని ఇంకొకటి. ఇట్లా అయిదుసార్లు చేశాను. ప్రతిసారీ కొత్త ఫైలు ఉంచుకొని పాతది తీసేశాను. చివరకు ఫోటో చక్కగా కుదిరింది. పాట పెట్టి వింటే అమ్మ గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంది. క్యాసెట్టు చూస్తే టేపు బూజు పట్టి తెగిపోయింది.

ఏం జరిగింది? నేను ఆజ్ఞలో ‘కాపీ’ అని రాయలేదు. ఆ మాట ఉంటే కంప్యూటరు శబ్దపు వ్యాగన్లను ఉన్నవి ఉన్నట్టే కొత్త బండికి తగిలిస్తుంది. లేకపోతే ప్రతి వ్యాగనూ విప్పి, సరుకు దించి, మళ్లీ నింపుతుంది. చెవికి అంతగా తెలియదనుకున్న శబ్దాలను వదిలేయడం వల్లనే ఎంపీ3 ఫైలు చిన్నదవుతుంది. నింపిన ప్రతిసారీ మరికొంత వదిలేస్తుంది. జెరాక్సు కాపీకి జెరాక్సు తీస్తూ పోతే అక్షరాలు అలికినట్టు అవుతాయి కదా, అట్లాగే. పోయిన శబ్దాన్ని తిరిగి తెచ్చే ఆజ్ఞ ఏదీ లేదు. మొదటి ఫైలు మా చెల్లెలి ఫోనులో ఉండబట్టి అమ్మ గొంతు దక్కింది.

వేలిముద్ర పరీక్ష

శబ్దం మారలేదని ఎట్లా తెలుసుకోవడం? చెవిని నమ్మనక్కరలేదు. ఎండీ5 అనే లెక్క ఉంది. ఎంత పెద్ద సమాచారం ఇచ్చినా అది 32 గుర్తుల వేలిముద్ర తీసి చూపిస్తుంది. ఒక్క బిట్టు మారినా వేలిముద్ర వేరుగా వస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు ‘-ఐ పాట.ఎంపీ3 -మ్యాప్ 0:ఎ -సీ కాపీ -ఎఫ్ ఎండీ5 -’ అని చెప్పండి. చివరి అడ్డగీతను మరవకండి, జవాబును తెర మీద చూపమని దాని అర్థం. బొమ్మ అతికించక ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీయండి. రెండూ ఒకటైతే పాట క్షేమం.

చివరగా ఒక లెక్క చేద్దాం. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున 5 నిమిషాల పాట 4.8 మెగాబైట్లు అవుతుంది. దానికి 2 మెగాబైట్ల బొమ్మ అతికించారనుకోండి. 200 పాటలకు బొమ్మలే 400 మెగాబైట్లు! ఆ చోటులో మరో 83 పాటలు పట్టేవి. ఫోను తెరకు 500 చుక్కల వెడల్పు, 500 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మ చాలు.

మీ ఇంట్లో అవ్వ పాడిన పాటో, తాత చెప్పిన కథో ఫోనులో ఉంటే ఈ పని చేసి చూడండి. ముందు నకలు తీసి వేరే చోట దాచండి. ఒక్క ఫైలు మీద ప్రయోగించండి. వేలిముద్రలు సరిచూడండి. ఆ తర్వాతే మిగతా వాటి జోలికి వెళ్లండి. ఒక్క ఆజ్ఞతో వంద ఫైళ్లు బాగుపడతాయి. ఒక్క మాట మరిస్తే ఆ వందా పాడవుతాయి.