ఒకసారి వేసిన టీకా ఎన్నాళ్లు కాపాడుతుంది?

‘చిన్నప్పుడే అన్ని సూదులూ వేయించాం కదా, మళ్లీ ఎందుకు?’ మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాల్లో ఆశా కార్యకర్త గడప తొక్కినప్పుడల్లా వినిపించే మాట ఇది. మరికొందరిది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన వైఖరి. కాలికి ముల్లు గుచ్చుకున్నా సరే, వారికి టీటీ సూది పడితే గానీ మనసు కుదుటపడదు. ఈ రెండు ధోరణులకూ మూలం ఒక్కటే. టీకాలన్నీ ఒకే విధంగా పనిచేస్తాయని, వాటన్నింటి రక్షణా ఒకే కాలం నిలుస్తుందని మనం అనుకోవడమే.

మదనపల్లె నేర్పిన పాఠం

ఈ విషయంలో ప్రపంచానికి పాఠం నేర్పిన ఊళ్లలో మన మదనపల్లె ఒకటన్న సంగతి చాలామందికి తెలియదు. క్షయ రోగుల కోసం 1912లో ఇక్కడ ప్రారంభమైన శానిటోరియమే నేటి ఆరోగ్యవరం. 1948లో మన దేశంలో బీసీజీ టీకా వేయడం మొదలైనప్పుడు తొలి కేంద్రాలలో మదనపల్లె కూడా ఉంది. 1950లో అక్కడి వైద్యులు డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వాన చుట్టుపక్కల గ్రామాలలో ఒక పరిశీలన చేపట్టారు. కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, ఎవరెవరికి క్షయ సోకుతున్నదో ఏళ్ల తరబడి గమనించారు.

దాదాపు అదే కాలంలో బ్రిటన్‌లో పాఠశాల విద్యార్థులపై జరిగిన పరిశీలనలో మొదటి అయిదేళ్లలో బీసీజీ 80 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది. 10–15 ఏళ్లు గడిచేసరికి ఆ రక్షణ 60 శాతం దగ్గరకు దిగింది. మదనపల్లెలో అంత రక్షణ కనిపించనే లేదు. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మరింత పెద్ద ఎత్తున జరిగిన పరిశీలనలో పెద్దవారికి ఊపిరితిత్తుల క్షయ నుండి రక్షణ లభించలేదని తేలింది. మన నేలలో, నీటిలో ఉండే క్షయజాతి సూక్ష్మజీవుల ప్రభావం ఇందుకు ఒక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

అయితే బీసీజీ వృథా అని దీని అర్థం కాదు. పసిపిల్లల మెదడు పొరలకు సోకే క్షయ నుండి, ఒళ్లంతా పాకే క్షయ నుండి అది గట్టి రక్షణ ఇస్తుంది. బిడ్డ పుట్టగానే దానిని వేయించడం అందుకే. మరి రక్షణ తగ్గితే మళ్లీ వేయవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. బ్రెజిల్‌లో బడి పిల్లలకు రెండవసారి బీసీజీ వేసి చూస్తే చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. మన ప్రభుత్వం 2024లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాలలో ఎంపిక చేసిన జిల్లాల్లో పెద్దవారికి బీసీజీ వేసింది. 60 ఏళ్లు దాటినవారిని, మధుమేహం ఉన్నవారిని, పొగ తాగేవారిని, బాగా చిక్కిపోయినవారిని, క్షయ రోగితో కలిసి ఒకే ఇంట్లో ఉండేవారిని అందుకు ఎంచుకున్నారు. ఇది అందరికీ చెప్పిన బూస్టరు కాదు, ఫలితాన్ని తెలుసుకోవడానికి చేపట్టిన ప్రయత్నం. కుప్పం ప్రాంతంలో గ్రానైటు దుమ్ములో పనిచేసేవారికి క్షయ ముప్పు ఎక్కువ. వారిని కాపాడేది ముందు మాస్కు, రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష.

మళ్లీ వేయించవలసినవి ఏవి?

టీకా వేసినప్పుడు శరీరం రోగాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. కాలం గడిచేకొద్దీ వాటి సంఖ్య తగ్గుతుంది. రోగాన్ని గుర్తుపట్టే జ్ఞాపక కణాలు మాత్రం మిగిలే ఉంటాయి. కానీ ధనుర్వాతం, కంఠసర్పి విషయంలో ఆ జ్ఞాపకం ఒక్కటే చాలదు. ఈ రెండింటిలోనూ ప్రాణం తీసేది సూక్ష్మజీవి విడుదల చేసే విషం. జ్ఞాపక కణాలు మేలుకొని పని మొదలుపెట్టే లోపే అది నరాలకో గుండెకో చేరవచ్చు. అందువల్ల ప్రతిరక్షకాలు రక్తంలో ముందే సిద్ధంగా ఉండాలి.

ఈ కారణంగానే పసితనంలో 6, 10, 14 వారాలకు వేసిన టీకాలతో పని ముగియదు. 16–24 నెలల మధ్య ఒకటి, 5–6 ఏళ్లకు ఒకటి డీపీటీ బూస్టరు వేయించాలి. ఆపై 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ వేయించాలి. పూర్వం టీటీ అని వేసిన దాని స్థానంలో ఇప్పుడు కంఠసర్పిని కూడా అడ్డుకునే టీడీ వేస్తున్నారు. గర్భిణికి తొలి నెలల్లో ఒకటి, నాలుగు వారాల తర్వాత రెండవది వేస్తారు. మూడేళ్లలోపు మళ్లీ గర్భం దాల్చితే ఒక బూస్టరు సరిపోతుంది.

తట్టు సంగతి వేరు. దానికి రెండు మోతాదులు వేసేది రక్షణ తగ్గిపోతుందని కాదు. మొదటి మోతాదుకు స్పందించని కొద్దిమంది పిల్లలను రెండవది ఆదుకుంటుంది. రెండూ పడిన బిడ్డకు సాధారణంగా జీవితాంతం రక్షణ ఉంటుంది.

ప్రతి గాయానికీ టీటీ అవసరం లేదు. టీకాలన్నీ సక్రమంగా పడి, చివరిది వేసి పదేళ్లు దాటకపోతే శుభ్రమైన చిన్న గాయానికి సూది అక్కర్లేదు. మట్టి, పేడ, తుప్పు అంటిన గాయమైతే ఆ గడువును అయిదేళ్లుగా లెక్కిస్తారు. చివరి తేదీ గుర్తులేనివారు ఆ మాటే వైద్యునికి చెప్పాలి.

యాత్రికులు, వృద్ధులు

హజ్‌కు, ఉమ్రాకు వెళ్లేవారికి టీకా గడువు సంగతి అనుభవమే. 2000 సంవత్సరపు హజ్ సందర్భంగా మెనింజైటిస్ వ్యాపించి, యాత్రికులతో పాటు పలు దేశాలకు చేరింది. అప్పటి నుండి నాలుగు రకాల క్రిములను ఎదుర్కొనే టీకా తప్పనిసరి అయింది. అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందే దానిని వేయించుకోవాలి. టీకా రకాన్ని బట్టి ధ్రువపత్రం మూడేళ్లో అయిదేళ్లో చెల్లుతుంది. ఫ్లూ క్రిమి ఏటేటా రూపం మార్చుకుంటుంది కనుక దాని టీకాను ఏటా వేయించుకోవలసి ఉంటుంది.

కోవిడ్‌కు మన దేశంలో 2022 జనవరి 10 నుండి ఆరోగ్య సిబ్బందికి, ఇతర వ్యాధులున్న వృద్ధులకు ముందుజాగ్రత్త మోతాదు ఇచ్చారు. ఆ ఏడాది జూలై 15 నుండి 75 రోజుల పాటు 18 ఏళ్లు నిండిన వారందరికీ ఉచితంగా వేశారు. ఆరోగ్యవంతుడైన యువకునికీ, మధుమేహమో గుండె జబ్బో ఉన్న వృద్ధునికీ బూస్టరు వల్ల కలిగే మేలు సమానం కాదు. కనుక ఇంట్లో ఒకరికి చెప్పిన సలహాను అందరికీ వర్తింపజేయరాదు.

నిర్ణయం తీసుకునే ముందు

సూది వేయించాలా వద్దా అన్న సందేహం కలిగినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ రోగానికి టీకా? చివరిసారి ఎప్పుడు పడింది? వయసును, ఉన్న జబ్బులను, చేసే పనిని, చేయబోయే ప్రయాణాన్ని బట్టి ముప్పు ఎంత? మళ్లీ వేస్తే మేలు జరుగుతుందని రుజువైందా? మొదటి మూడింటికి సమాధానం మన దగ్గరే ఉంటుంది. నాలుగవది వైద్యుని అడిగి తెలుసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చే మాట ఈ నాలుగింటిలో దేనికీ జవాబు కాదు.

మదరసా ఉపాధ్యాయునిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పదేళ్ల నుండి పదహారేళ్ల వయసు పిల్లల సంగతి. టీడీ వేయవలసిన వయసు సరిగ్గా అదే. హాస్టల్ మదరసాలో చేరే బిడ్డ తన ఊరి ఆరోగ్య సిబ్బంది జాబితాకు దూరమవుతాడు, కొత్త ఊరి జాబితాలోకి ఎక్కడు. చేర్చుకునే రోజున టీకా కార్డు తెచ్చే తల్లిదండ్రులు అరుదు. ఒకే గదిలో పదిమంది పడుకునే చోట కంఠసర్పి ఒకరితో ఆగదు. పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. చేరిక దరఖాస్తులో టీకాల వివరాలకు ఒక గడి చేర్చాలి. కార్డు నకలు దాచి ఉంచాలి. ఏడాదికొకసారి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి లేఖ రాస్తే ఏఎన్ఎం వచ్చి ఉచితంగా టీడీ వేస్తారు. ఆడపిల్లల మదరసాలలో ఇది మరింత అవసరం. రేపు తల్లులయ్యేది వారే.

తవక్కుల్ పేరుతో నివారణను విడిచిపెట్టేవారూ ఉన్నారు. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయాలన్న బోధ మనందరికీ తెలిసినదే. బిడ్డలు మన చేతిలోని అమానత్. వారి టీకా కార్డును ఈ రోజే వెతికి తీయండి. చివరి తేదీ చూడండి. పదేళ్లు, పదహారేళ్లు నిండిన పిల్లల వరుసలో ఖాళీ కనిపిస్తే ఈ వారమే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లండి.