చందా మనది, లెక్క ఎవరిది?

పారిశుధ్య పనిలో ముసలిదైపోయిన ఏ తల్లినైనా అడగండి: "అమ్మా, నీకు పెన్షన్ వస్తదా?" "ఏమో బిడ్డా, మా లీడరుకు తెలుసు" అంటుంది. "ఎన్నేళ్ల సర్వీసు నీది?" అంటే వేళ్ల మీద కాంట్రాక్టర్ల పేర్లు లెక్కపెడుతుంది. ఏళ్ల లెక్క ఆమె దగ్గర లేదు. అది ఎక్కడుందో కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పెన్షను పోవడానికి ప్రభుత్వ విధానం ఒక కారణం. కాంట్రాక్టరు మోసం రెండో కారణం. ఈ రెండింటి మీద మన సంఘాలు ధర్నాలు చేశాయి, కరపత్రాలు వేశాయి. మూడో కారణం యూనియన్‌లోనే ఉంది. లెక్క సభ్యుల చేతికి రాకపోవడమే అది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు పెన్షను లెక్క తెలియాలి.

ఒకే చీపురు, మూడు పెన్షన్లు

ఒకే రోడ్డును ముగ్గురు ఊడుస్తారు. 2004 సెప్టెంబర్ 1కి ముందు పర్మినెంటుగా చేరినవాళ్లకు పాత పద్ధతి పెన్షను. అది చివరి జీతాన్ని బట్టి వస్తుంది, కరువు భత్యంతో పెరుగుతుంది. ఆ తేదీ తర్వాత పర్మినెంటు అయినవాళ్లను కాంట్రిబ్యూటరీ పెన్షను కిందికి నెట్టారు. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లకు మిగిలింది 1995 నవంబర్ 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకం, అంటే ఈపీఎస్. ఇందులో కరువు భత్యం లేదు. ఒకసారి ఎంత కట్టారో ఏళ్లు గడిచినా దాదాపు అంతే.

చీపురు పట్టినవాళ్లలో అత్యధికులు మాదిగలు, మాలలు, రెల్లివాళ్లు. పని మురికిదైనప్పుడు అది మనకు కులం వల్ల వచ్చింది. అదే పనికి జీతం, పెన్షను వచ్చే కాలానికి కాంట్రాక్టరు వచ్చాడు. దీన్ని కేవలం ఆర్థిక విధానం అని సరిపెట్టుకోలేం.

లెక్క ఇదీ

కార్మికుడి జీతంలోంచి కోసే 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకి పోతుంది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షను నిధికి, మిగతాది పీఎఫ్‌కి. కేంద్రం 1.16 శాతం కలుపుతుంది. యజమాని వాటా అంటారు గానీ అదీ మన చెమటలోంచి వచ్చిందే. పైగా ఏజెన్సీలు రెండు వాటాలూ కూలీ జీతంలోంచే కోసుకుంటున్నాయనే ఫిర్యాదు సఫాయి కార్మికుల ధర్నాల్లో తరచూ వినపడేదే.

పెన్షను కట్టే సూత్రం చిన్నదే. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. జీతానికి పరిమితి 2001 నుంచి 6,500 రూపాయలు ఉండేది, 2014 సెప్టెంబర్ 1న 15,000 చేశారు. కనీస పెన్షను నెలకు 1,000 అని అప్పుడే పెట్టారు.

2014 సెప్టెంబర్ తర్వాతి సర్వీసునే తీసుకుందాం. సగటు జీతం 14,000 అయితే, 70తో భాగిస్తే 200. అంటే ఒక్కొక్క ఏడాది సర్వీసు బతికినంత కాలం నెలకు 200 రూపాయలు. పదకొండేళ్లు చేసినామెకు 58 ఏళ్లకు 2,200 రావాలి. రికార్డులో తొమ్మిదేళ్లే ఉంటే నెలనెలా ఏమీ రాదు, ఎందుకంటే నెల పెన్షనుకు పదేళ్ల సర్వీసు తప్పనిసరి. చేతిలో కొంత సొమ్ము పెట్టి పంపిస్తారు. రెండేళ్ల లెక్క తప్పిపోతే ఒక ముసలితనమంతా పోయినట్టే.

సర్వీసు ఎక్కడ తెగుతుంది

కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఖాతా తెరవడం వల్ల మొదట తెగుతుంది. ఒక మనిషికి ఒకే నంబరు ఉండాలని 2014లో యూఏఎన్ తెచ్చారు. అయినా పాత ఖాతాలు కొత్తదాంట్లో కలపకపోతే ఆ ఏళ్లు విడివిడిగానే పడి ఉంటాయి.

అవసరానికి సొమ్ము తీసుకున్నప్పుడు రెండోసారి తెగుతుంది. బిడ్డ పెళ్లికో ఆస్పత్రికో 10సి ఫారం పెట్టి పెన్షను సొమ్ము తీసుకుంటే ఆ సర్వీసు చెరిగిపోతుంది. సొమ్ముకు బదులు అదే ఫారం మీద స్కీము సర్టిఫికెట్ అడిగితే సర్వీసు నిలుస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక ఎన్ని ఏళ్లు పోయినయో!

మూడోది పేరు, వయసు. ఒక కాగితంలో ఎల్లమ్మ, ఇంకోదాంట్లో యెల్లమ్మ. ఇంటిపేరు ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. పుట్టిన తేదీ రాసిపెట్టే వాడ కాదు మనది. గుమస్తా తోచిన తేదీ వేశాడు. ఆ తప్పుకు శిక్ష మనకు పడుతుంది.

అన్నిటికన్నా దారుణం చావు దగ్గర జరిగేది. పనిలో ఉండగా కార్మికుడు చనిపోతే వితంతు పెన్షనుకు పదేళ్లు అక్కర్లేదు. ఒక్క నెల వాటా జమ అయి ఉన్నా చాలు. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ల దాకా వేరే వాటా ఉంది. 1976 నాటి డిపాజిట్ లింక్డ్ ఇన్సూరెన్సు కూడా ఉంది. మట్టి ఖర్చులకని మేస్త్రీ ఇచ్చిన డబ్బు తీసుకుని, ఇంతే వస్తదనుకొని ఊరుకున్న ఆడవాళ్లు మన వాడల్లో ఎంతమందో లెక్క తీయాల్సింది మన సంఘాలే.

యూనియన్‌లో మన చోటు

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ కార్మికులకు ఇద్దరు శత్రువులున్నారన్నాడు: బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం. బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానివ్వకపోతే దాన్ని ప్రశ్నించని కార్మిక నాయకత్వాన్ని ఆయన నిలదీశాడు. ఇవ్వాళ నేత ఖాతా స్థానంలో యూనియన్ ఆఫీసు కుర్చీ ఉంది. ఊరేగింపులో ముందు మనమే, రసీదు పుస్తకంలో పేర్లు మనవే. ఫైలు మాత్రం ఇంకొకరి సంచిలో ఉంటుంది.

ఓటు విషయం కూడా చూడండి. సింగరేణిలో బొగ్గు కార్మికులకు 1998 నాటి వేరే పెన్షన్ పథకం ఉంది. అక్కడ 2023 డిసెంబర్ 27న గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. ఓటు పర్మినెంటు కార్మికులకే. రిటైరై పెన్షనుతో తిప్పలు పడేవాళ్లకు లేదు, కాంట్రాక్టు వాళ్లకూ లేదు. కష్టం ఉన్నవాళ్లకు ఓటు లేనప్పుడు వాళ్ల సమస్య డిమాండ్ల పత్రంలో ఆఖరి వరసలో ఉండడంలో వింత లేదు. పీఎఫ్ కేంద్ర ట్రస్టీల బోర్డులో కార్మిక ప్రతినిధులకు పది సీట్లు ఉండేట్టు 1952 చట్టం ఏర్పాటు చేసింది. ఆ పదిమంది అక్కడ ఏం మాట్లాడారో బస్తీ మీటింగులో ఎప్పుడన్నా చెప్పారా?

మంచి నాయకులు లేరని కాదు. కేసులు గెలిచినవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు. కానీ మంచి నాయకుడి మీద ఆధారపడ్డ పెన్షను ఆయన మారితే పోతుంది.

ఏం చేయొచ్చు

ఒకటి: నెలకొకసారి యూనియన్ మీటింగులో ప్రతి సభ్యుడి పాస్‌బుక్ బయటికి చదవాలి. ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు తనదో కాదో చూడాలి. చదువుకున్న మన పిల్లలు ఈ పని చేయగలరు.

రెండు: కాంట్రాక్టరు మారిన నెలలోనే పాత ఖాతా కలపాలని, పేరు, తేదీ సవరించాలని పట్టుబట్టాలి. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమానిది బాధ్యత అని ఈపీఎఫ్ స్కీములోనే రాసి ఉంది. కాబట్టి అర్జీ కాంట్రాక్టరు పేరున కాదు, పని చేయించుకునే సంస్థ పేరున పెట్టాలి.

మూడు: పెన్షను కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. వితంతువులకు, రిటైరైనవాళ్లకు యూనియన్‌లో ఓటుండాలి.

నాలుగు: యూనియన్ లెక్కలు, సభ్యుల జాబితా చూసే హక్కు సభ్యుడికి 1926 ట్రేడ్ యూనియన్ల చట్టమే ఇచ్చింది. 2025 నవంబర్ 21న దాని స్థానంలో కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. చట్టాలు మారుతుంటాయి. చందా కట్టినవాడు లెక్క అడిగే అలవాటు మాత్రం మనం ఎన్నడూ గట్టిగా చేసుకోలేదు.

విద్యార్థులు, టీచర్లు తమ బస్తీలో పదిమంది పాస్‌బుక్కులు చదివి పెట్టండి. "మా లీడరుకు తెలుసు" అన్న తల్లి "నాది పదకొండేళ్లు, రెండేళ్లు మీరు ఎక్కించలే" అని తనే ఆఫీసులో అడిగిన రోజున ఆ యూనియన్ ఆమెది అవుతుంది.