బ్రిడ్జ్ ఆటలో వేలంపాట, భాగస్వాముల ఒప్పందాలు

బ్రిడ్జ్ నలుగురు ఆడే పేకాట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. 52 ముక్కలను ఒక్కొక్కరికి 13 చొప్పున పంచిన తరువాత, ఆట మొదలుకావడానికి ముందు వేలంపాట జరుగుతుంది. తమ జట్టు ఎన్ని పట్లు (ట్రిక్కులు) గెలవగలదో, ఏ జాతి తురుపుగా ఉంటే గెలవగలదో ఈ పాటలో నిర్ణయమవుతుంది. పాడినన్ని పట్లు తెచ్చిన జట్టుకు మార్కులు వస్తాయి; తేలేకపోతే ప్రత్యర్థులకు వస్తాయి. భాగస్వామి చేతిలోని ముక్కలు కనబడవు కనుక, ప్రతి పాట ఒక ప్రతిజ్ఞగాను, భాగస్వామికి అందించే సమాచారంగాను కూడా పనిచేస్తుంది. ఏ పాటకు ఏ అర్థమో భాగస్వాములు ముందుగానే ఒప్పందం చేసుకుంటారు. పైకి కనిపించే అర్థం కాక వేరొక అర్థాన్ని సూచించే పాటలను కన్వెన్షన్లు అంటారు. ఇవి రహస్య సంకేతాలు కావు. వీటి అర్థం ప్రత్యర్థులకు కూడా తెలియాలన్నది ఆట యొక్క మూల నియమము.

చరిత్ర

నేటి కాంట్రాక్టు బ్రిడ్జ్ రూపాన్ని 1925లో అమెరికాకు చెందిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ తీర్చిదిద్దాడు. అంతకు ముందున్న ఆక్షన్ బ్రిడ్జ్‌లో, పాడిన దానికి మించి గెలిచిన పట్లు కూడా గేమ్ లెక్కలోకి వచ్చేవి. కొత్త పద్ధతిలో పాడి గెలిచినవి మాత్రమే ఆ లెక్కలోకి వస్తాయి. ఈ ఒక్క మార్పుతో వేలంపాటకు ఎనలేని ప్రాముఖ్యం కలిగింది. ఎలై కల్బర్ట్‌సన్ 1930లో ప్రచురించిన బ్లూ బుక్ పాటల పద్ధతిని సామాన్య ఆటగాళ్ళ దగ్గరకు చేర్చింది. మిల్టన్ వర్క్ పేరు మీద ప్రసిద్ధమైన పాయింట్ల లెక్కను తరువాతి కాలంలో ఛార్లెస్ గోరెన్ విస్తృతంగా ప్రచారం చేశాడు.

పాటలో ఉన్న మాటలు

పాటలో జాతుల క్రమం ఇది: కళావరు అన్నిటికంటే చిన్నది, ఆపైన వరుసగా డైమండు, ఆఠీను, ఇస్పేటు, అన్నిటికీ పైన నో ట్రంప్ (తురుపు లేని ఆట). పాటను 1 నుండి 7 వరకు అంకెలతో పాడతారు. అంకెకు 6 కలిపితే గెలవవలసిన పట్ల సంఖ్య వస్తుంది. "రెండు ఆఠీను" అంటే ఆఠీను తురుపుగా 8 పట్లు తెస్తామని అర్థం. ప్రతి కొత్త పాట ముందరి పాటకంటే పెద్దదై ఉండాలి.

ఈ విధంగా 7 అంకెలు, 5 రకాలు కలిసి 35 పాటలు. వీటికి పాస్, డబుల్, రీడబుల్ చేర్చితే మొత్తం 38 మాటలు. ఒక ఆటగాడికి రాగల 13 ముక్కల కూర్పులు మాత్రం 63,501 కోట్లకు పైగా ఉన్నవి. ఇంత తక్కువ మాటలతో అన్ని కూర్పులను వర్ణించడం అసాధ్యము. కాబట్టి ఏ సమాచారం ముఖ్యమో, దేనిని వదులుకోవచ్చునో ఎంచుకోవడమే ఒప్పందాల పని.

ముక్కల విలువ

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పాయింట్లు లెక్కిస్తారు. పేక మొత్తంలో 40 పాయింట్లు ఉంటాయి. జట్టుకు ఇద్దరివీ కలిపి 25 పాయింట్ల వరకు ఉంటే గేమ్ పాడవచ్చునని సాధారణ సూత్రము. గేమ్ అంటే 100 మార్కులకు సరిపడే పాట: నో ట్రంప్‌లో 3, ఆఠీను లేదా ఇస్పేటులో 4, కళావరు లేదా డైమండులో 5. ఒకే జాతిలో ఇద్దరికీ కలిపి 8 ముక్కలున్నట్లయితే అది సాధారణంగా మంచి తురుపు అవుతుంది.

గేమ్ పాడాలా, ఆగాలా?

మూడు ఆఠీను దగ్గర ఆగాలా, నాలుగు పాడాలా అన్న సందేహం తరచుగా వస్తుంది. డూప్లికేట్ పోటీల లెక్క ప్రకారం (వల్నరబుల్ కానప్పుడు) ఫలితాలు ఇలా ఉంటాయి:

* మూడు పాడి 9 పట్లు తెస్తే 140, 10 తెస్తే 170.
* నాలుగు పాడి 10 పట్లు తెస్తే 420, 9 మాత్రమే వస్తే ప్రత్యర్థులకు 50.

అంటే నాలుగు పాడి గెలిస్తే 250 మార్కులు లాభము, ఓడితే 190 నష్టము. నూటికి 43 సార్లకు మించి గెలిచే అవకాశం ఉన్నప్పుడు నాలుగు పాడటమే సబబు. జరిమానాలు, బహుమతులు రెండూ పెరిగే వల్నరబుల్ స్థితిలో లాభం 450, నష్టం 240. అప్పుడు నూటికి 35 సార్లు గెలిచే అవకాశం ఉన్నా పాడవచ్చును. గెలుపు ఖాయమైతేనే పాడాలనుకునే ఆటగాడు దీర్ఘకాలంలో నష్టపోవడానికి కారణం ఇదే. అయితే ఒక్క ఆట ఫలితం కంటే స్థానాల వరుసను బట్టి మార్కులిచ్చే పోటీలలో ఈ లెక్క కొంత మారుతుంది.

కొన్ని ముఖ్యమైన ఒప్పందాలు

మొదటి పాట: అమెరికాలో ప్రచారంలో ఉన్న పద్ధతిలో "ఒక ఆఠీను" అని మొదలుపెడితే చేతిలో కనీసం 5 ఆఠీన్లు ఉన్నట్లు. బ్రిటన్‌లో పుట్టిన ఆకాల్ పద్ధతిలో 4 చాలు. మాట ఒకటే అయినా భాగస్వామి అర్థం చేసుకోవలసింది వేరు.

స్టేమన్: భాగస్వామి "ఒక నో ట్రంప్" పాడినప్పుడు "రెండు కళావరు" అని బదులు పాడితే, "నీ దగ్గర నాలుగు ఆఠీన్లు గాని, నాలుగు ఇస్పేట్లు గాని ఉన్నవా?" అని అడిగినట్లు. దీనికి 1945లో దీని గురించి వ్యాసం ప్రచురించిన శామ్ స్టేమన్ పేరు వచ్చింది. కనిపెట్టినది అతని భాగస్వామి జార్జ్ రపే. క్రింది ఉదాహరణలో "ఒక నో ట్రంప్" అంటే 15 నుండి 17 పాయింట్లు.

* ఉత్తరం: ఇస్పేటు రాజు, 8, ఆఠీను ఆసు, రాణి, 9, 4, డైమండు రాజు, 10, 7, 3, కళావరు ఆసు, 10, 6.
* దక్షిణం: ఇస్పేటు ఆసు, జాకీ, 6, 4, ఆఠీను రాజు, జాకీ, 7, 3, డైమండు 8, 5, కళావరు 9, 7, 4.

ఉత్తరానికి 16, దక్షిణానికి 9, కలిపి 25 పాయింట్లు. దక్షిణం నేరుగా "మూడు నో ట్రంప్" పాడితే, ప్రత్యర్థులు కళావరుతో మొదలుపెట్టి ఆ జాతి పట్లు గుంజుకొనే ప్రమాదం ఉన్నది. దానికి బదులు "రెండు కళావరు" అని అడిగితే ఉత్తరం "రెండు ఆఠీను" అంటుంది. 8 ఆఠీన్లు కలిసినట్లు తెలిసిన దక్షిణం "నాలుగు ఆఠీను" పాడుతుంది. ఈ ప్రశ్నకు చెల్లించే మూల్యం ఒకటి ఉన్నది. కళావర్లు ఎక్కువగా ఉన్న బలహీనమైన చేతితో రెండు కళావరు దగ్గర ఆగిపోయే దారి మూసుకుపోతుంది. ప్రతి కన్వెన్షనుకూ ఇటువంటి మూల్యం ఉంటుంది.

బ్లాక్‌వుడ్: 12 లేక 13 పట్ల స్లామ్‌కు పోయేటప్పుడు "నాలుగు నో ట్రంప్" అని ఆసుల సంఖ్య అడుగుతారు. ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో రూపొందించిన మూల పద్ధతిలో జవాబులు: 5 కళావరు – ఆసు లేదు లేదా నాలుగూ ఉన్నవి, 5 డైమండు – ఒకటి, 5 ఆఠీను – రెండు, 5 ఇస్పేటు – మూడు. జవాబు ఏది వచ్చినా సురక్షితంగా ఆగగలమా అని అడగబోయే ముందే ఆలోచించుకోవాలి. తురుపు కళావరు అయినప్పుడు భాగస్వామి దగ్గర ఒకే ఆసు ఉంటే, ఆ జవాబే ఐదు కళావరును దాటిపోతుంది. ఇప్పుడు చాలామంది తురుపు రాజును కూడా ఐదవ ఆసుగా లెక్కించే సవరించిన పద్ధతిని వాడుతున్నారు.

డబుల్: అసలు అర్థం ప్రత్యర్థి పాట నెగ్గదని, జరిమానా పెంచమని. కాని ప్రత్యర్థి "ఒక ఆఠీను" అని మొదలుపెట్టగానే పలికే డబుల్‌కు, "నాకు బలం ఉన్నది, మిగిలిన జాతులలో నీకు ఎక్కువ ముక్కలున్నది పాడు" అని అర్థము. ఏ ఎత్తు వరకు ఈ అర్థం, ఎక్కడి నుండి జరిమానా అర్థం అన్నది భాగస్వాములు ముందే తేల్చుకోకపోతే, ఒకరు ఆహ్వానంగా పలికినది మరొకరికి శిక్షగా వినిపిస్తుంది.

ఒప్పందం ఒకరికి గుర్తుండి మరొకరు మరచిపోతే, అసలు లేనిదానికంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. నేర్చుకొనేవారు కొత్త కన్వెన్షను చేర్చుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది: దీనికి తరువాతి జవాబులు మనిద్దరికీ తెలుసునా? ప్రత్యర్థి మధ్యలో పాడితే ఏమి చేయాలి? దీని కోసం ఏ సహజమైన అర్థాన్ని వదులుకుంటున్నాము?

రహస్యానికి తావు లేదు

పోటీలలో ప్రతి జట్టు తన ఒప్పందాలను ఒక కార్డుపై వ్రాసి ప్రత్యర్థులకు అందుబాటులో ఉంచుతుంది. అసాధారణ అర్థమున్న పాటను భాగస్వామి పాడినప్పుడు "అలర్ట్" అని హెచ్చరించాలి, అడిగితే వివరించాలి. ఏది హెచ్చరించదగినదో ఆయా దేశాల సంఘాలు నిర్ణయిస్తాయి.

ఆటగాడు ఒప్పందానికి భిన్నంగా పాడి ప్రత్యర్థులను తప్పుదారి పట్టించడం తనంతట తాను నేరం కాదు. అయితే ఆ పాటకు భాగస్వామి కూడా ప్రత్యర్థుల వలెనే మోసపోవాలి. భాగస్వామి ఇటువంటిది ముందే ఊహించగలిగితే అది రహస్య ఒప్పందం అవుతుంది. ఇటువంటి పాటలపై కొన్ని పోటీలలో పరిమితులు కూడా ఉన్నవి.

సమాచారం పాట ద్వారానే అందాలి. గొంతు, ముఖకవళికలు, ఆలస్యం ద్వారా కాదు. భాగస్వామి చాలాసేపు ఆలోచించి "పాస్" అంటే అతనికి కొంత బలం ఉన్నదని తెలిసిపోతుంది. ఆ తెలివిడిని వాడుకోకుండా, తనకు తోచే ఇతర మార్గాలలో ఆ ఆలస్యం సూచించనిదానిని ఎంచుకోవడం ఆటగాడి విధి. పైకి చిన్నదిగా కనిపించే ఈ నియమమే బ్రిడ్జ్‌లో అన్నిటికంటే కష్టమైన పరీక్ష. 1965లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన ప్రపంచ పోటీ బెర్ముడా బౌల్‌లో ఒక బ్రిటిష్ జంట వ్రేళ్ళతో సైగలు చేసిందన్న ఆరోపణ పెద్ద వివాదమైనది. ప్రపంచ సమాఖ్య వారిని దోషులుగా భావించగా, బ్రిటన్‌లో జరిగిన విచారణ వారిని నిర్దోషులుగా తేల్చినది. 1975 నుండి ఈ పోటీలో భాగస్వాములు ఒకరికొకరు కనబడకుండా బల్లకు అడ్డుగా తెర ఉంచుతున్నారు. పాటలను నోటితో పలకకుండా, అచ్చువేసిన కార్డులను పెట్టెలో నుండి తీసి చూపడం కూడా గొంతులోని భేదాలను తొలగించడానికే.

భారతదేశంలో

2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో బ్రిడ్జ్ మొదటిసారి ప్రవేశించింది. పురుషుల జంటల పోటీలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ భారతదేశానికి స్వర్ణ పతకం సాధించారు. అప్పటికి బర్ధన్ వయస్సు 60 సంవత్సరాలు.

సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన రమ్మీ కేసులో 1967లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనూ బ్రిడ్జ్ ప్రస్తావన ఉన్నది. రమ్మీలోని అదృష్టం బ్రిడ్జ్‌లో ముక్కలు పంచడంలోని అదృష్టం వంటిదేనని, కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని న్యాయస్థానం అభిప్రాయపడింది. ఒకే విధంగా పంచిన ముక్కలను అన్ని బల్లల వద్దా ఆడించే డూప్లికేట్ పోటీలలో పంపకంలోని ఆ అదృష్టం కూడా చాలావరకు తొలగుతుంది. అప్పుడు గెలుపును నిర్ణయించేవి ఆడే తీరు, భాగస్వాములు ఒకరి మాటను మరొకరు అర్థం చేసుకున్న తీరు.