పలాస నెత్తిమీదుగా విమానం

ఢిల్లీలో విమానయానాన్ని కీర్తించని రాజకీయవేత్త అరుదు. 2016లో ‘ఉడాన్’ పథకం ఆరంభమైనప్పుడు పౌర విమానయాన శాఖ విజయనగరం అశోక్ గజపతిరాజుగారిది. 2024 జూన్‌లో అదే శాఖ శ్రీకాకుళం సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడుగారికి లభించింది. ఖరగ్‌పూర్‌లోని అనేక తెలుగు కుటుంబాల పూర్వీకులు ఆ రెండు జిల్లాలనుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో కూలికి వచ్చినవారే. 1927లో ఇక్కడి వర్క్‌షాపు కార్మికుల పక్షాన నిలిచిన వి.వి.గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరుగా పదవీ విరమణ చేసిన ఒక వృద్ధుణ్ణి ఇటీవల అక్కడ కలుసుకున్నాను. “దమ్‌దమ్ నుంచి విశాఖ ఆకాశంలో ఎంత దూరం బాబూ?” అని ఆయన అడిగాడు. సుమారు 770 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం అన్నాను. ఆయన నవ్వలేదు.

పలాస దగ్గర స్వగ్రామంలో ఆయన భార్య కన్నుమూసిన ఉదయం ఇద్దరు కుమారులూ ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. పెద్దవాడింట రైలంటే భయం. 2023 జూన్ 2న బహనగా బజార్ వద్ద కోరమండల్ ప్రమాదంలో 290 మందికి పైగా మరణించింది ఈ మార్గంలోనే కదా! అందుచేత అతడు విమానం నమ్ముకున్నాడు. చిన్నవాడు ఫలక్‌నుమా ఎక్కాడు.

లెక్క చూడండి. ఖరగ్‌పూర్ నుంచి దమ్‌దమ్‌కు రోడ్డున మూడు గంటల పైమాటే. తనిఖీలకు, నిరీక్షణకు రెండు గంటలు. గంటన్నర ఆకాశయానం. పటంమీద కలకత్తా నుంచి విశాఖకు గీత గీస్తే అది దాదాపు పలాస నెత్తిమీదుగానే పోతుంది! విశాఖలో దిగినవాడు మళ్లీ రెండు వందల కిలోమీటర్లు ఉత్తరానికి రావాలి. వెరసి పది గంటలకు తక్కువ కాదు. రైలుకు పట్టేది ఏడెనిమిది గంటలు. చిన్నవాడు పొద్దు గుంకకముందే వచ్చి తల్లికి కొరివి పెట్టాడు. పెద్దవాడు వచ్చేసరికి చితి చల్లారుతున్నది.

ఖరగ్‌పూర్ పొరుగునే కలైకుండలో రన్‌వే లేకపోలేదు. అది వైమానిక దళానిది. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ విమానాలు దాడిచేసిన చోటు. మామూలు ప్రయాణికుడికి దాని హోరు మాత్రమే ప్రాప్తం.

‘ఉడాన్’ కింద గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలని, అదీ సగం సీట్లకేనని నిర్ణయించినవారు విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికే కొలిచారు. ఇంటినుంచి ఇంటికి కొలిచే అలవాటు మన పార్లమెంటుకూ లేదు. సభలో దూరాలను గురించిన జవాబులు ఎన్నో విన్నాను. గడప ప్రస్తావన విన్న గుర్తు లేదు.

సెలవు తీసుకుంటూంటే వృద్ధుడు, “మన జిల్లా బాబే మంత్రి అయ్యాడంట గదా, ఫలక్‌నుమాకు ఇంకో రెండు జనరల్ పెట్టెలు వేయించమని చెప్పగలరా?” అని అడిగాడు.

ఆ శాఖ వేరని చెప్పాను.