వేగదేవతకు నైవేద్యం

న్యూజీలాండ్ దేశపు దక్షిణ ద్వీపంలో, ఇంచుమించు భూగోళపు అడుగు అంచున, ఇన్వర్‌కార్గిల్ అనే పట్టణమొకటి ఉన్నది. ఆ పట్టణంలో బర్ట్ మన్రో అనే వృద్ధుడు నివసించిన చిన్న షెడ్డులో గోడకు ఒక బల్ల బిగించి ఉండేది. దానిమీద పగిలిన పిస్టన్లు, వంగిన కడ్డీలు, కరిగి రూపుమాసిన లోహపు ముక్కలు పేర్చి ఉండేవి. ఇవి వేగదేవతకు అర్పించిన నైవేద్యాలు అని అర్థమిచ్చే మాటలను అతడే అక్కడ వ్రాసిపెట్టుకున్నాడు. మన యిండ్లలో దేవునికి పెట్టే నైవేద్యం వండినవాటిలో మేలైనది. మన్రో పెట్టినదంతా చెడిపోయిన సరుకే. అయినను ఆ ముక్కలలో ఒక్కొక్కటి అతని ఆయుర్దాయంలో కొన్ని రాత్రులను హరించినది గనుక, ఆ పేరును వట్టి పరిహాసమని కొట్టివేయడానికి వీలులేదు.

పాత మోటారుసైకిళ్ళపై, పాత కార్లపై మక్కువ పెంచుకొన్నవారు ప్రతి దేశంలోను ఉన్నారు. వారిలో అధికసంఖ్యాకులు యంత్రాన్ని అది పుట్టిననాటి రూపంలోనే నిలుపుకోవాలని ఆరాటపడతారు. రంగు మారరాదు, మర మారరాదు, తోలు సీటుపై కుట్టు సైతం నాటి కుట్టే కావాలి. ఒక చిన్న దీపపు గాజు కోసం ఖండాంతరాలకు ఉత్తరాలు వ్రాసేవారున్నారు. మన్రో మార్గం దీనికి పూర్తిగా విరుద్ధం. 1920లో కొన్న ఒకే ఒక్క బండిని అతడు అర్ధశతాబ్దంపాటు విప్పుతూ, కోస్తూ, అరగదీస్తూ, కొత్త భాగాలు పోతపోస్తూ, దాని తొలిరూపం గుర్తుపట్టరానంతగా మార్చివేసినాడు. పాతదానిపై ప్రేమ అంటే దానిని ఉన్నదున్నట్లు కాపాడడమా, లేక దానిలో దాగిన శక్తి అంతా వెలికివచ్చేదాకా దానిని వదలకపోవడమా? మన్రో కథ ఈ ప్రశ్నను తప్పించుకోనివ్వదు.

అతడు 1899 మార్చి 25న జన్మించినాడు. బాల్యం ఇన్వర్‌కార్గిల్‌కు తూర్పున ఉన్న ఈడెన్‌డేల్ అనే పల్లెలో, పొలంమీద గడచినది. గుర్రపు బండ్ల కాలంలో పుట్టిన ఆ రైతుబిడ్డ ఇరవై యొకటవ యేట కొన్న బండి పేరు ‘ఇండియన్ స్కౌట్’. ఈ పేరు చూచి మన విద్యార్థులు పొరబడే అవకాశమున్నది. దీనికి భరతఖండంతో సంబంధమేమీ లేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో 1901లో వెలసిన కర్మాగారమొకటి అక్కడి ఆదిమజాతులను తలపించే ఈ పేరును తన బండ్లకు పెట్టుకున్నది. కొలంబసు చేసిన పొరపాటు ఇనుపబండ్ల దాకా వచ్చిందన్నమాట. స్కౌట్‌ను రూపొందించిన చార్లెస్ ఫ్రాంక్లిన్ ఐర్లండు దేశీయుడు, స్వయంగా పందెగాడు. 1911లో బ్రిటిష్ దీవుల నడుమనున్న ‘ఐల్ ఆఫ్ మ్యాన్’లో జరిగిన ప్రసిద్ధ పందెంలో మొదటి మూడు స్థానాలూ ఇండియన్ బండ్లకే దక్కగా, అందులో రెండవవాడు ఈ ఫ్రాంక్లినే.

మన్రో కొన్ననాడు ఆ బండికి ఇంజను పరిమాణం సుమారు 600 సీసీలు. అత్యధిక వేగం గంటకు 55 మైళ్ళు. ఆనాటి మట్టిరోడ్లకు అదే ఎక్కువ. కాని 1926 ప్రాంతం నుండి అతడు దానిని విప్పడం మొదలుపెట్టినాడు. పగలు మోటారుసైకిళ్ళు అమ్మడం, బాగుచేయడం అతని వృత్తి. రాత్రి తన బండి పని.

ఇక్కడ కొంచెం గణితం చెప్పుకోవలసియున్నది. బండి వేగం పెరిగేకొద్దీ దానికి ఎదురయ్యే గాలి ప్రతిఘటన వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ గాలిని చీల్చుకొని పోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. అనగా వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. 55 మైళ్ళ బండిని 184 మైళ్ళు పరుగెత్తించాలంటే, ఆకారం మారకుంటే, సుమారు 37 రెట్ల శక్తి కావాలి. ఒక వృద్ధుడు ఒక షెడ్డులో కూర్చుండి ఎదుర్కొన్న లెక్క ఇది. దీనికి రెండే దారులు. ఇంజను బలం పెంచాలి. గాలి జారిపోయేటట్లు బండికి నున్నని తొడుగు వేయాలి. మన్రో రెండూ చేసినాడు.

స్కౌట్ ఇంజనులో వాల్వులు సిలిండరు ప్రక్కన ఉండేవి. అది చౌకైన, మొండిగా పనిచేసే అమరిక. కాని గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం మెలికలు తిరిగి లోపలికి పోవలసివస్తుంది గనుక ఇంజను ఊపిరి సలపదు. మన్రో వాల్వులను సిలిండరు నెత్తిమీదికి మార్చినాడు. వాటిని కదిలించే రెండు కామ్‌ల స్థానంలో నాలుగు అమర్చినాడు. సిలిండర్లు తానే తయారుచేసుకున్నాడు. ఫ్లైవీళ్ళు తానే చేసుకున్నాడు. పిస్టన్లకు పాత డబ్బాలే మూసలు. పారవేసిన లోహాన్ని కరిగించి వాటిలో పోసి, చల్లారిన తరువాత ఆకురాయితో రాచి నునుపు తెచ్చేవాడు. వెంట్రుకవాసి తేడాను కొలిచే మైక్రోమీటరు ఉండవలసినచోట ఒక చక్రపు స్పోకు ఉండేది.

పిస్టన్‌ను క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్లను అతడు సాధించిన తీరు మరీ విచిత్రం. ఇంజను నిమిషానికి అయిదువేల చుట్లు తిరుగుతున్నదనుకొంటే, పిస్టన్ ఆ ఒక్క నిమిషంలో పదివేలసార్లు ఆగి వెనుకకు మళ్ళుతుంది. అన్నిసార్లూ ఆ తాకిడిని భరించవలసినది ఈ కడ్డీయే. అది తెగినచో పైనున్నవన్నీ నుగ్గవుతాయి. అంత గట్టి ఉక్కు కోసం మన్రో ఒక ట్రాక్టరు ఇరుసును సంపాదించి, దాని నుండి ఆ కడ్డీలను చేతితో చెక్కినాడు. శిల్పి రాతిలో బొమ్మను చూచినట్లు ఇరుసులో కడ్డీని చూచినాడనడం కవిత్వంగా బాగుంటుంది. కాని రాతిబొమ్మకు ముక్కు కొంచెం వంకరయినా గుడిలో నిలుస్తుంది. ఈ కడ్డీకి ఆ వెసులుబాటు లేదు. ఎన్నో పగిలినవి. పగిలినవి బల్లమీదికి చేరినవి.

ఈ వ్యాసంగానికి ఖరీదు ఇంజను భాగాలతో తీరలేదు. అతనికి భార్య, నలుగురు పిల్లలు. 1947లో వివాహబంధం తెగిపోయినది. 1940ల చివర ఉద్యోగం కూడ వదలివేసి, షెడ్డునే నివాసం చేసుకున్నాడు. అతనిని గురించి ముచ్చటగా వ్రాసేవారు ఈ భాగాన్ని రెండు వాక్యాలలో దాటివేస్తారు. తపస్సు చేసేవానిని లోకం కీర్తిస్తుంది. తపస్వి యింటివారిని అడిగేవారుండరు. మన పురాణాలలోను ఇంతే. అతని పట్టుదలను మెచ్చుకొనేవారు ఈ సంగతిని కూడ మనస్సులో ఉంచుకొనడం న్యాయం.

స్వదేశంలో అతడు పరుగులు తీసినది ముఖ్యంగా ఇన్వర్‌కార్గిల్ చెంతనున్న ఒరెటీ సముద్రతీరంలో. తడియిసుక గట్టిపడి మైళ్ళకొద్దీ చదునుగా ఉండే తీరమది. 1940లో 120.8 మైళ్ళ వేగంతో న్యూజీలాండ్ రికార్డు స్థాపించినాడు. అయితే ఇసుక తీరానికి ఒక హద్దున్నది. అంతకు మించిన వేగానికి అమెరికాలోని బాన్‌విల్ పోవలసిందే.

యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఒకనాటి మహాసరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పునేల. చలికాలంలో దానిమీద నీరు నిలుస్తుంది. వేసవిలో ఆ నీరు ఆవిరై, అద్దంవలె చదునైన తెల్లని పలక మిగులుతుంది. ఆ పలకపై దారి తప్పకుండా నల్లని గీత గీస్తారు. చూపు ఆగే చోటు లేని ఆ తెల్లదనంలో ఆ గీతే ఆధారం. గాలివాటు ఎవరికీ మేలు చేయకుండునట్లు, రికార్డు కోరేవాడు ఒకసారి పోయి, మళ్ళీ ఎదురుదిశలో తిరిగిరావాలి. రెండు పరుగుల సగటునే లెక్కలోకి తీసుకొంటారు.

మన్రో అక్కడికి పదిసార్లు వెళ్ళినాడు. మొదటిసారి కేవలం చూడడానికి. 1962లో, అరవైమూడేళ్ళ వయస్సులో, ఇంజనును 850 సీసీలకు పెంచి, దాదాపు 179 మైళ్ళ సగటుతో ప్రపంచ రికార్డు సాధించినాడు. 1966లో మరొక తరగతిలో 168 మైళ్ళు. 1967 నాటికి ఇంజను 950 సీసీలయినది. ఆ యేడు 1000 సీసీల లోపు తరగతిలో అతని సగటు 183.586 మైళ్ళని నమోదయినది. అర్హత కోసం తీసిన ఒకవైపు పరుగులో 190.07 మైళ్ళు అందుకున్నాడు. అప్పటికి బండి వయస్సు నలుబదియేడు. నడిపినవాని వయస్సు అరువదియెనిమిది.

ఆ 1967లోనే ఒక పరుగు సగం దాటిన తరువాత బండి అటూ ఇటూ ఊగసాగినది. వేగం తగ్గించడానికి అతడు తొడుగులోనుండి లేచి నిటారుగా కూర్చున్నాడు. ఆ గాలి తాకిడికి కళ్ళద్దాలు ఎగిరిపోయి, చూపు ఆనలేదు. గీత ఎక్కడో, తానెక్కడో తెలియని స్థితిలో ఒక ఇనుప గుంజను అంగుళాల దూరంలో తప్పించుకొని, బండిని ప్రక్కకు పడవేసినాడు. దెబ్బలు మాత్రం స్వల్పమే. ఆ సంగతిని తరువాత చెప్పుకున్నప్పుడు అతని ధోరణి ఎద్దుబండి గోతిలో దిగబడినదన్నంత తేలికగా ఉన్నది.

ఇక మొదటి ప్రశ్న. సిలిండర్లు మారినవి, పిస్టన్లు మారినవి, వాల్వులు, కామ్‌లు, కడ్డీలు మారినవి. పైన తొడుగు వచ్చినది. అట్టి దానిని 1920 నాటి స్కౌట్ అనడం ఎట్లా? ఈ చిక్కు మనవారికి కొత్త కాదు. మిళింద ప్రశ్నలలో నాగసేనుడు యవనరాజుతో ఇదే తర్కించినాడు. ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా అని ఒక్కొక్కటి అడుగగా, రాజు దేనినీ రథమని చూపలేకపోయినాడు. అన్నీ కూడినప్పుడు వాడుకకు పెట్టుకొన్న పేరే రథమని ఒప్పుకున్నాడు. మన్రో బండి విషయంలో ఈ సమాధానం సగమే చాలుతుంది. కూడిన భాగాలు మారుతూనే వచ్చినవి గనుక, వాటిని కూర్చిన చేయి ఒక్కటే అన్నదానిని కూడ లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ హైదరాబాదులోనే ఉన్నది. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శించే పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోసం తలపెట్టిన బండి. 1911లో ఆయన మరణించిన తరువాతనే అది చేరినది. వైభవానికి తప్ప ప్రయాణానికి అంతగా నోచుకొనలేదు. నూరేళ్ళు దాటినా దాని రాజసం చెక్కుచెదరలేదని చూచినవారందరూ సంతోషిస్తారు, సంతోషించవలసినదే. ఆ కాలపు పనితనం ఎట్టిదో మనకు చెప్పడానికి అట్టి బండ్లు ఉండితీరాలి. మన్రో వలె అందరూ కోతకు దిగితే, స్కౌట్ తొలిరూపమేమిటో చెప్పడానికి ఒక్కటీ మిగిలేది కాదు. అయినను రెండింటినీ ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు, ఒకటి కాలాన్ని ఆపినట్లు, మరొకటి కాలంతో పెనగులాడినట్లు తోస్తుంది. పనివాని మనస్సు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మన్రో పేరు దేశదేశాలకు తెలియడానికి కారణం 2005లో విడుదలైన ‘ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’ అనే చలనచిత్రం. దర్శకుడు రోజర్ డొనాల్డ్‌సన్ చాలా యేళ్ళకు ముందే మన్రో జీవించియుండగానే అతనిపై ఒక లఘుచిత్రం తీసినవాడు. మన్రోగా ఆంథొనీ హాప్‌కిన్స్ నటించినాడు. పలుమార్లు సాగిన యాత్రలన్నిటినీ ఒక్క యాత్రగా కుదించడం చలనచిత్రానికి అవసరమే కావచ్చును. కాని అందువలన ఆ షెడ్డులోని దశాబ్దాలు ఒక పూట పనివలె తోచడం దాని లోపం.

మన్రో 1978 జనవరి 6న మరణించినాడు. బండి ఇన్వర్‌కార్గిల్‌లోనే నిలిచి, అక్కడి ఇనుప సామాన్ల దుకాణమొకదానిలో, మేకులూ మరలూ సుత్తులూ అమ్మే అరల నడుమ ప్రదర్శనకు చేరినది. 2006 నుండి అతని పేరిట ఆ పట్టణంలో మోటారుసైకిల్ పందెాల ఉత్సవం మొదలైనది. ఒరెటీ ఇసుకపై పరుగు అందులో ఒక భాగం.

1967 నాటి లెక్క మాత్రం చాలాకాలం అట్లాగే ఉండిపోయినది. దానిలో పొరపాటున్నదని కనిపెట్టినవాడు మన్రో కుమారుడు జాన్. రెండు పరుగుల అంకెలను మళ్ళీ వేసి చూడగా సగటు తక్కువగా వ్రాసినట్లు తేలినది. అమెరికన్ మోటారుసైకిల్ సంఘం 2014లో ఆ తప్పును అంగీకరించి, 183.586 అన్న అంకెను కొట్టివేసి 184.087 అని దిద్దినది.