కెమెరా కొంటున్నారా? టార్చిలైటు వెంట తీసుకెళ్ళండి!

‘సాగర సంగమం’లో ఫోటోలు తీసే కుర్రాడు గుర్తున్నాడా? పాపం, కమల్‌హాసన్ చెమటలు కక్కుతూ ఒక్కో భంగిమా పట్టి నిలబడతాడు. కుర్రాడేమో కెమెరాతో కుస్తీ పట్టి, తీరా ఆ భంగిమ కాస్తా చెదిరాక ‘టిక్కు’మనిపిస్తాడు! 1983లో వచ్చిన సినిమా. మీలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. అయినా టీవీలోనో ఫోన్లోనో ఆ సీను చూసి నవ్వనివాళ్ళుంటారా?

నాకు మాత్రం ఇప్పుడు ఆ సీను చూస్తే నవ్వు రావడం లేదు. ఆ కుర్రాడు ఆలస్యంగానైనా నొక్కాడు. నేను అదీ చెయ్యలేదు.

అన్నట్టు, ఆ సినిమా తీసిన కె. విశ్వనాథ్‌గారు పుట్టిన పెదపులివర్రు మా భట్టిప్రోలు మండలంలోదే. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు మార్గంలో మా ఊరు. నిన్నమొన్నటి దాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇంతకీ చెప్పొచ్చేదేమంటే...

మూడేళ్ళ క్రితం మా నాన్న పోయారు. పెద్దకర్మకి ఫ్లెక్సీ కొట్టించాలి, ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికాం. ట్రంకుపెట్టెలో నలుపు తెలుపు ఫోటోలు బోలెడున్నాయి. మా అమ్మవి, మేనత్తలవి, ఆఖరికి మా పాడి గేదెది కూడా ఉంది! నాన్నది లేదు. ఎలా ఉంటుంది? అవన్నీ తీసింది ఆయనే. కుర్రతనంలో ఆయన దగ్గర అగ్ఫా క్లిక్-3 ఉండేది. రోలుకి పన్నెండు బొమ్మలు, చదరంగా వచ్చేవి. కెమెరా వెనకున్న మనిషి బొమ్మ పడదు కదా!

చివరికి ఆధార్ కార్డులో బొమ్మే దిక్కయింది. దాన్ని ఆరడుగులకి పెంచేసరికి నాన్న మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. “ఇంతకన్నా మంచిది లేదా అన్నా?” అనడిగాడు ఫ్లెక్సీ షాపు కుర్రాడు. వాడి తప్పేముంది! నేను సినిమా పత్రికలకి రాసేవాణ్ణని వాడికి తెలుసు. నా దగ్గర ఫోటోలు లేకపోవడమేమిటని వాడి అనుమానం.

నిజానికి నాకూ ఓ కెమెరా ఉండేది. 2011లో డిగ్రీ అయ్యాక కొన్న నికాన్ డి90. వీడియో తీయగలిగిన తొలి డిజిటల్ ఎస్సెల్లార్‌గా 2008లో వచ్చి పేరు తెచ్చుకున్న మోడలు. దాన్ని మెళ్ళో వేసుకుని షూటింగులకి వెళ్ళాను. హీరోల్ని తీశాను, హీరోయిన్లని ఇంకా ఎక్కువ తీశాను. ఇంటికెళ్ళినప్పుడు నాన్న అరుగు మీద పేపరు చదువుకుంటూ కనిపించేవారు. ‘ఈయనెక్కడికి పోతారులే’ అనుకునేవాణ్ణి. 2016లో హైదరాబాదు అద్దెలు కట్టలేక కెమెరా అమ్మేశాను. సెల్‌ఫోనుందిగా అని ధైర్యం. ఆ సెల్‌ఫోను ఓ రోజు కిక్కిరిసిన బస్సులో పోయింది. దాంతోపాటే అందులో ఉన్న నాన్న ఫోటోలూ పోయాయి.

ఇక మిగిలింది అమ్మ. డెబ్భైకి దగ్గర పడింది. మళ్ళీ కెమెరా కొనాలి. చేతిలో ఉన్నది యాభై వేలు. కొత్తదా? పాతదా?

కొత్త పెళ్ళికూతుళ్ళు

బెజవాడ షాపుల్లో కొత్తవాటిని చూస్తే కళ్ళు చెదిరాయంటే నమ్మండి. ఇప్పుడంతా మిర్రర్‌లెస్ రాజ్యం. పాత ఎస్సెల్లార్లలో ఉండే అద్దం వీటిలో ఉండదు కనక పొట్టిగా, తేలిగ్గా ఉంటాయి. కానన్ ఆర్50 (2023లో వచ్చింది), నికాన్ జెడ్30 (2022లో వచ్చింది)... మనిషి కన్నెక్కడుందో అవే వెతికి పట్టుకుని ఫోకస్ చేసేస్తాయి. ఎదురుగా పసిపిల్లాడు పరిగెత్తుతున్నా సరే, వదలవు. గ్యారంటీ ఉంది, బిల్లుంది, వాయిదాల పద్ధతుంది. రీల్సూ, షార్ట్ ఫిల్ములూ తీద్దామనుకునే తమ్ముళ్ళు ఇక్కడే ఆగిపోయి కొత్తదే కొనుక్కోండి. నాకేం అభ్యంతరం లేదు.

నా బాధ వేరు. మా అమ్మ నిలకడగా కూచునేది సాయంత్రం దీపాలు పెట్టే వేళ, వసారాలో. అక్కడ వెలుగు అంతంతమాత్రం. ఆర్50తో పాటు వచ్చే 18-45 లెన్సుని పూర్తిగా ముందుకి లాగితే దాని కన్ను ఎఫ్ 6.3 దగ్గర ఆగుతుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుందన్నమాట. డి90 అమ్మినప్పుడు కొన్నవాడు వద్దన్నందుకు నా దగ్గరే మిగిలిపోయిన 50 ఎమ్మెమ్ లెన్సొకటి ఉంది. దాని కన్ను ఎఫ్ 1.8! రెంటికీ లోపలికొచ్చే వెలుగులో తేడా ఎంతనుకున్నారు? పన్నెండు రెట్లు.

అయితే ఆ పాత లెన్సునే కొత్త కెమెరాకి పెట్టుకోవచ్చుగా అంటారు. అక్కడే ఉంది తిరకాసు. ఆ రకం పాత నికాన్ లెన్సుల్లో (పేరు చివర ‘డి’ అనుంటుంది) ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. కెమెరా బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి. డి90, డి7000, డి7200 లాంటివాటికి ఆ మోటారుంది. డి3000, డి5000 వరసలోవాటికి లేదు. మిర్రర్‌లెస్‌కైతే ఎఫ్‌టీజెడ్ అడాప్టరు తగిలించినా చేత్తో తిప్పుకోవాల్సిందే. కానన్‌వాళ్ళ ఈఎఫ్ లెన్సులకి ఈ బెడద లేదు, అడాప్టరు పెడితే కొత్తవాటి మీదా ఆటోఫోకస్ పనిచేస్తుంది. అందుకే బాడీ కొనేముందు మీ బీరువాలో ఏ లెన్సు మూలుగుతోందో చూసుకోండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

పాతవాటితో ఏం తీస్తాం అని చప్పరించేవాళ్ళకి ఓ ముక్క. 2011లో రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ని ఐదంటే ఐదు రోజుల్లో కానన్ 5డి కెమెరాలతో తీసి అవతల పారేశారు. సినిమా ఎలా ఉందన్నది వేరే సంగతి! అంతకుముందుకి వెళ్తే 1957లో ‘మాయాబజార్’కి మార్కస్ బార్ట్‌లే పూయించిన వెన్నెల ఇంకా వాడలేదు. ఆయన కెమెరాకి కన్ను వెతికి పట్టే విద్య ఏమన్నా తెలుసా?

టార్చి పాఠం

సరే, పాతదే అని తేల్చుకున్నాక చేసిన మొదటి పని ఏమిటంటే మోసపోవడం! ఓ పెద్ద ఊళ్ళో, పేరెందుకులెండి, ఓ షాపులో పాత జూమ్ లెన్సొకటి తొమ్మిది వేలకి కొన్నాను. పైకి నిగనిగలాడుతోంది. ఒక్క గీత లేదు. పెట్టె కూడా ఉంది. పెట్టె చూసి పడిపోయాను.

దాన్ని తీసుకెళ్ళి తెనాలిలో నాకు తెలిసిన స్టూడియో బాబాయికి గర్వంగా చూపించాను. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న మనిషి. పేరు రాయొద్దన్నారు. తెనాలివాళ్ళకి సినిమా గాలి కొత్తేమీ కాదు. ‘మాయాబజార్’ తీసిన విజయావారి చక్రపాణిగారిది తెనాలే. సూపర్‌స్టార్ కృష్ణగారి బుర్రిపాలెం ఆ పక్కనే. బాబాయి మాత్రం ఆ కబుర్లేవీ ఎత్తకుండా సొరుగులోంచి టార్చిలైటు తీశారు.

“వెనక మూత తియ్యి బాబూ. కన్ను పూర్తిగా తెరిచి పట్టుకో. ఆ... ఇప్పుడు వెలుగు ఏటవాలుగా కొట్టి చూడు.”

చూశాను. అద్దాల లోపల సాలెగూడు దారాల్లా తెల్లటి పోగులు!

“ఇదేంటి బాబాయ్?”

“బూజు. ఫంగస్. అద్దం మీద పూత తినేస్తుంది. బాగుచేయించినా ఒక్కోసారి మచ్చ వదలదు. దుమ్ము నాలుగు నలుసులుంటే పర్లేదు, అది బొమ్మలో తెలీదు. బూజున్నది మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకు.”

మనది సముద్రం గాలి తగిలే నేల. ఇటు సూర్యలంక, అటు కృష్ణమ్మ, మధ్యలో కాలవలూ వరి చేలూ. ఈ తేమలో లెన్సుని తోలు కేసులో పెట్టి బీరువాలో దాస్తే బూజుకి విందు భోజనం పెట్టినట్టేనట. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, అవి రంగు మారగానే కొత్తవి. అంతే, రెండొందల ఖర్చు. నేను భయం భయంగా నా పాత 50 తీసిచ్చాను. బాబాయి టార్చి కొట్టి అటు తిప్పారు, ఇటు తిప్పారు. నేను ఊపిరి బిగబట్టాను.

“ఇది శుభ్రంగా ఉంది. ఎక్కడ పెట్టావు?”

నేనెక్కడ పెట్టాను! అమ్మ పాత హార్లిక్స్ సీసాలో వేసి, మూత బిగించి, బియ్యం డబ్బా పక్కన పెట్టిందట. ఏమిటో తెలీక, పారేస్తే కొడుకు తిడతాడని.

ఇక బాడీ సంగతి. బాబాయి లెక్క ప్రకారం అది అరక దున్నే ఎద్దు లాంటిది. పళ్ళు చూసి వయసు కనుక్కున్నట్టు షట్టరు లెక్క చూడాలి. ఎన్నిసార్లు నొక్కారో నికాన్‌వి అయితే ప్రతి ఫోటో ఫైల్లోనూ దాచుకుంటాయి. కంప్యూటర్లో వేసి చదివించొచ్చు. డి7200 షట్టరుని కంపెనీవాళ్ళు లక్షా యాభై వేల సార్లు పరీక్షించామంటారు. “పెళ్ళికి మూడు వేలు, నాలుగు వేలు కొడతాం. పెళ్ళిళ్ళవాళ్ళ కెమెరా కొనేటప్పుడు నువ్వే లెక్కేసుకో” అన్నారాయన. నాకు మొదట చూపించినదాని లెక్క లక్షా తొంభై వేలు దాటింది. దణ్ణం పెట్టి ఇచ్చేశాను.

కన్ను ఎఫ్ 16కి మూసి ఖాళీ ఆకాశాన్ని తీస్తే సెన్సరు మీది మచ్చలన్నీ బయటపడతాయి. లెన్సు తగిలించి కొద్దిగా ఊపి చూడాలి, లొడలొడలాడకూడదు. మెమరీ కార్డు, బ్యాటరీ మీవే పట్టుకెళ్ళండి. బిల్లు అడగండి. బిల్లు మీద నంబరూ కెమెరా అడుగున ఉన్న నంబరూ ఒకటి కాకపోతే, ఎంత చవకైనా వెనక్కి చూడకుండా వచ్చెయ్యండి.

దిబ్బ మీద పరీక్ష

చివరికి గుంటూరులో ఓ కుర్రాడు మిర్రర్‌లెస్‌కి మారిపోతూ తన డి7200 అమ్ముతున్నాడని బాబాయే కబురు చేశారు. అరవై ఒక్క వేల నొక్కుళ్ళు. రబ్బరు కొంచెం అరిగింది, మూలన చిన్న చొట్ట. ఇరవై మూడు వేలు. “రెండ్రోజులు వాడి చూసి డబ్బివ్వు” అని ఇప్పించారు కూడా.

మా ఊళ్ళో కెమెరా పరీక్షకి విక్రమార్క కోట దిబ్బని మించిన చోటు లేదు. 1892లో అలెగ్జాండర్ రీ అనే దొర తవ్వితే, రాతి పెట్టెల్లో స్ఫటిక భరిణెలు, ధాతువులు బయటపడ్డ బౌద్ధ స్తూపం అది. ఆ పెట్టెల మీది అక్షరాలకి భట్టిప్రోలు లిపి అనే పేరొచ్చింది. ఇప్పుడు పురావస్తు శాఖ చేతిలో ఉంది. చేతి కెమెరాతో తీసుకోవచ్చు గానీ, ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి.

పొద్దు వాలాక వెళ్ళాను. సాయంకాలపు ఎండ ఆ ఇటికల మీద ఏటవాలుగా పడుతోంది. అచ్చం బాబాయి టార్చిలాగే! ప్రతి ఇటుక అంచూ తేలి కనిపిస్తోంది. నొక్కాను. పాత లెన్సు ‘గుర్రు’మని తిరిగి ఆగింది. తొమ్మిదేళ్ళ తర్వాత విన్న చప్పుడు అది. వెలుగు తగ్గేదాకా అక్కడే తిరిగాను. ఐఎస్‌ఓ 3200 దాకా పెంచినా బొమ్మ చెడలేదు. చీకటి పడ్డాక ఒకట్రెండు సార్లు ఫోకస్ తప్పి వెతుక్కుంది. కొత్త కెమెరా అయితే తడుముకునేది కాదు, ఆ మాట దాచను.

ఇంటికొచ్చేసరికి అమ్మ వసారాలో కూచుని గోంగూర కోస్తోంది. పైన ఒకే ఒక్క బల్బు. కెమెరా పైకెత్తాను.

“ఏరా, ఉండు, చీర మార్చుకొస్తా.”

“వద్దమ్మా, నీ పని నువ్వు చేసుకో.”

“మాసిన చీరలో తీస్తావా? నలుగురూ చూసేది!”

లేచి లోపలికెళ్ళింది. పావుగంట! అంచు చీర కట్టుకుని, బొట్టు సర్దుకుని, పాస్‌పోర్టు ఫోటోకి కూచున్నట్టు బిగుసుకుని కూచుంది. పది తీశాను. ఒక్కటీ బాగా రాలేదు. ‘సాగర సంగమం’ కుర్రాణ్ణి తలుచుకున్నాను. కెమెరా ఒళ్ళో పెట్టుకుని, నాన్న తీసిన గేదె ఫోటో సంగతి ఎత్తాను. అమ్మ పకపకా నవ్వింది. “ఆ గేదె ఎదురుగా నన్ను నిలబెట్టడానికి గంటసేపు...” అంటూ మొదలెట్టింది. ఇక నేనున్నది మర్చిపోయింది. అప్పుడు నొక్కాను.

మర్నాడే డబ్బు కట్టేశాను. మిగిలిన దాంట్లోంచి మొదటి ఖర్చు పన్నెండు బై పద్దెనిమిది ప్రింటు. ఈసారి సెల్‌ఫోన్ని నమ్మదలుచుకోలేదు. అమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, పమిటతో తుడిచింది.

“బావుందిరా. దాచిపెట్టు, ఫ్లెక్సీకి పనికొస్తుంది.”

నేనేం మాట్లాడలేదు. ఆ ప్రింటు పట్టుకుని నిలబడ్డ అమ్మని ఇంకోటి తీశాను.